కిడ్నీ తీసేశాక ఎన్నేళ్లు చూపించుకోవాలి?

ఈ నెల ప్రశ్నలన్నీ ఒకే జబ్బు గురించి. కిడ్నీలో క్యాన్సర్ గడ్డకు ఆపరేషన్ అయిపోయి, ఇక ఫర్వాలేదని ఊపిరి పీల్చుకున్నవాళ్లకు ఏళ్ల తర్వాత వచ్చే సందేహాలివి. ఒకేలా ఉన్న ఉత్తరాలను కలిపేశాం, పేర్లు వేయలేదు. రాసినవారిలో ఎక్కువమందిది క్లియర్ సెల్ రకం. కిడ్నీ క్యాన్సర్లలో దాదాపు ముప్పావు వంతు అదే కాబట్టి, వేరేగా చెప్పని చోట మా జవాబు ఆ రకానికే అనుకోండి.

ప్రశ్న: మా నాన్నగారికి పదమూడేళ్ల కిందట కుడి కిడ్నీ తీసేశారు. గడ్డ 6 సెంటీమీటర్లు. ఐదేళ్లు క్రమం తప్పకుండా స్కాన్లు తీయించాం. ఆ తర్వాత ఇక అక్కర్లేదన్నారు. ఈమధ్య పిత్తాశయంలో రాళ్లేమోనని సీటీ తీస్తే క్లోమంలో రెండు చిన్న గడ్డలు బయటపడ్డాయి. పెద్దది 2.2 సెంటీమీటర్లు. క్లోమానికి క్యాన్సర్ వస్తే ఆర్నెల్లకు మించి కష్టమని చుట్టాలు భయపెడుతున్నారు. ఇన్నేళ్ల తర్వాత పాత జబ్బే తిరగబెట్టిందంటారా?
— ఒక పాఠకుడు, తెనాలి

పాతదే అయ్యే అవకాశం బాగా ఉంది. వినడానికి వింతగా ఉంటుంది గానీ, మీ నాన్నగారి విషయంలో అది పాతదే అయితే కొత్తగా క్లోమంలో పుట్టిన క్యాన్సర్ కంటే చాలా నయం.

కిడ్నీ క్యాన్సర్ తిరగబెడితే ఎక్కువమందిలో మొదటి రెండు మూడేళ్లలోనే తిరగబెడుతుంది. కొందరిలో మాత్రం పదేళ్లకు, పదిహేనేళ్లకు, ఇరవై ఏళ్లు దాటాక కూడా కనిపిస్తుంది. ఆపరేషన్ నాటికే రక్తంలోకి జారిపోయిన కొద్దిపాటి కణాలు ఏదో ఒక అవయవంలో ఏళ్ల తరబడి పెరగకుండా పడి ఉండి, ఎప్పుడో మేలుకుంటాయి. ఊపిరితిత్తులు, ఎముకలు, కాలేయం, ఎడ్రినల్ గ్రంథి, మిగిలిన కిడ్నీ వీటి మామూలు చోట్లు. క్లోమం, థైరాయిడ్ ప్రత్యేకించి ఇలా ఆలస్యంగా వచ్చేవాటికి పేరుపడ్డ చోట్లు. మరో క్యాన్సర్ ఏదైనా క్లోమానికి పాకడం అరుదు, కిడ్నీ క్యాన్సర్‌కు మాత్రం అదొక అలవాటు.

ఆ సీటీ ఎలా తీశారో ముందు చూడండి. కిడ్నీ నుంచి వచ్చిన గడ్డలకు రక్తనాళాలు విపరీతంగా ఉంటాయి. కాంట్రాస్ట్ మందు (రంగు మందు) ఎక్కించిన అర నిమిషం ప్రాంతంలో, అంటే ధమనుల దశలో తీసిన చిత్రాల్లో అవి దీపాల్లా వెలుగుతాయి. మామూలు క్లోమం క్యాన్సర్ చుట్టూ ఉన్న క్లోమం కంటే మసకగా కనిపిస్తుంది. రాళ్ల కోసం తీసిన స్కాన్‌లో ఈ దశ ఉండకపోవచ్చు. అలాగైతే ‘పాంక్రియాస్ ప్రొటోకాల్’ సీటీ మళ్లీ తీయాల్సిందే.

వెలుగుతున్నంత మాత్రాన కిడ్నీదేనని తేల్చేయకూడదు. హార్మోన్లు తయారుచేసే కణాల్లో పుట్టే న్యూరోఎండోక్రైన్ కణితులూ అలాగే మెరుస్తాయి. వాటి కోసం చేసే డోటాటేట్ పెట్ స్కాన్‌లో కిడ్నీ నుంచి వచ్చిన గడ్డ కూడా ఒక్కోసారి పట్టుబడి తప్పుదారి పట్టిస్తుంది. అందుకే ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్‌తో కడుపులోపలి నుంచి సూది వేసి ముక్క తీయించాలి. పంపే ఫారంలో ‘13 ఏళ్ల కిందట క్లియర్ సెల్ కిడ్నీ క్యాన్సర్’ అని రాయించడం మరవకండి. ఆ ఒక్క వాక్యం ఉంటేనే పాథాలజిస్టు కిడ్నీ కణాలను గుర్తుపట్టే పాక్స్8, సీఏ9 రంగులద్ది చూస్తారు. పాత బ్లాకులు (మైనంలో దాచిన అప్పటి గడ్డ ముక్కలు) దొరికితే పక్కపక్కన పెట్టి పోల్చడం ఇంకా మంచిది.

పాతదేనని తేలితే తొందర పడాల్సిన పని ఉండదు. క్లోమంలో మాత్రమే ఉన్న ఇలాంటి గడ్డలు సాధారణంగా నెమ్మదిగా పెరుగుతాయి. తీసివేయడానికి వీలైతే ఆపరేషన్, లేదంటే గురిపెట్టి ఇచ్చే రేడియేషన్. మరీ చిన్నవైతే రెండు మూడు నెలల ఎడంతో స్కాన్ తీసి, పెరుగుదల చూసి నిర్ణయించడం కూడా ఒప్పుకున్న పద్ధతే. మాత్రలు మొదలుపెట్టాల్సి వస్తే రక్తనాళాలను అడ్డుకునే రకం క్లోమంలోని గడ్డల మీద బాగా పనిచేస్తుంది. డయాగ్నసిస్‌కీ మందుకీ మధ్య ఏడాది కంటే ఎక్కువ ఎడం ఉండటం ఈ జబ్బులో మంచి లక్షణంగా లెక్కిస్తారు. మీ నాన్నగారికి అది పదమూడేళ్లు. చుట్టాలు చెప్పే ఆర్నెల్ల లెక్క వేరే జబ్బుది.

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. నిరుడు ఎడమ కిడ్నీ తీశారు. రిపోర్టులో ‘5 సెం.మీ., పీటీ1బీ, గ్రేడ్ 2’ అని ఉంది. ఒక డాక్టరు మూడు నెలలకోసారి సీటీ అంటున్నారు, ఇంకొకరు ఏడాదికోసారి చాలంటున్నారు. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకురాలు, హనుమకొండ

రెండోవారి మాట.

ఎంత తరచుగా చూడాలన్నది బయాప్సీ రిపోర్టే చెబుతుంది. గడ్డ కిడ్నీలోనే ఉండి 7 సెంటీమీటర్లకు మించకపోతే టీ1. అంతకు మించితే టీ2. పక్క కొవ్వులోకో కిడ్నీ సిరలోకో పాకితే టీ3. గ్రేడు 1 నుంచి 4 వరకు ఉంటుంది, అంకె పెరిగేకొద్దీ కణాలు అంత దూకుడువి. మీది టీ1, గ్రేడు 2 కాబట్టి తక్కువ ముప్పు వర్గం. అమెరికన్ యూరలాజికల్ అసోసియేషన్ 2021లో ఇచ్చిన పద్ధతిలో ఈ వర్గానికి మొదటి స్కాన్ ఏడాదికి, రెండోది రెండేళ్లకు, ఆ తర్వాత ఏడాదికో రెండేళ్లకో ఒకటి. టీ1లోనే గ్రేడు 3, 4 ఉన్నా, టీ2 అయినా ఆర్నెల్లకు ఒకటి అదనంగా చేరి, ఐదేళ్ల వరకు ఏటా తీస్తారు. టీ3 అయితే మూడేళ్లపాటు ఆర్నెల్లకోసారి. మూడు నెలలకోసారి తీసేది లింఫ్ గ్రంథులకు పాకినవారికి, పక్క అవయవాల్లోకి చొచ్చుకుపోయిన టీ4కు, రిపోర్టులో ‘సార్కొమటాయిడ్’ అనే మాట ఉన్నవారికి. అదీ మొదటి ఏడాదే.

పొట్టకు కాంట్రాస్ట్‌తో సీటీ గానీ ఎమ్మారై గానీ. తక్కువ ముప్పు వారికి రెండేళ్లు దాటాక ఒకసారి సీటీ, ఒకసారి అల్ట్రాసౌండ్‌గా మార్చుకోవచ్చు. ఛాతీకి మీ వర్గంలో ఎక్స్‌రే చాలు, టీ3 ఆపైన సీటీ మేలు. స్కాన్‌తోపాటు క్రియాటినిన్, మూత్రంలో అల్బుమిన్, బీపీ కూడా చూడాలి. ఈ మూడింటినీ చాలామంది వదిలేస్తారు. చిన్న గడ్డ తీసేయించుకున్న మనిషిని ముందుముందు ఇబ్బంది పెట్టేది క్యాన్సర్ కంటే మిగిలిన కిడ్నీ మెల్లగా దెబ్బతినడమే కావచ్చు.

‘ఐదేళ్లు అయింది, ఫైలు మూసేద్దాం’ అనేది పేగు లాంటి కొన్ని క్యాన్సర్ల లెక్కలు చూసి నోట్లో నానిన మాట. కిడ్నీకి ఆ గీత లేదు. ఐదేళ్ల తర్వాత రెండేళ్లకోసారి చొప్పున పదేళ్ల దాకా చూస్తారు. పది దాటాక అందరికీ ఒకే నియమం లేదు, వయసు, మిగతా జబ్బులు, మొదటి రిపోర్టు చూసి డాక్టరూ మీరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే. మా ఉద్దేశంలో గ్రేడు 3, 4 గానీ టీ3 గానీ ఉండి, ఆరోగ్యంగా తిరుగుతున్న అరవై ఏళ్ల మనిషి పదేళ్లకు ఆపేయడం తొందరపాటు. ఎనభై దాటి, గుండె జబ్బుతో ఉన్నవారిని స్కాన్లకు తిప్పడంలో మాత్రం అర్థం లేదు.

ప్రశ్న: సీటీ బదులు ఏటా హోల్ బాడీ పెట్ స్కాన్ తీయిస్తే ఒక్కసారే తేలిపోతుంది కదా? ల్యాబ్‌వాళ్లు క్యాన్సర్ మార్కర్ల ప్యాకేజీ కూడా ఉందంటున్నారు.
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

రెండూ వద్దు. మామూలు పెట్ స్కాన్‌లో ఎక్కించేది చక్కెర లాంటి మందు. క్లియర్ సెల్ గడ్డలు చాలాసార్లు దాన్ని పెద్దగా పీల్చుకోవు. పైగా ఆ మందు మూత్రంలోనే బయటికి పోతుంది కాబట్టి మిగిలిన కిడ్నీ అంతా వెలిగిపోయి, దాని చాటున ఉన్నది కనపడదు. పెట్ బాగుందన్నంత మాత్రాన జబ్బు లేదని కాదు.

కిడ్నీ క్యాన్సర్‌ను పట్టించే రక్తపరీక్ష ఇంతవరకు లేదు. సీఈఏ, సీఏ 19-9, సీఏ 125 దీనికి సంబంధించినవి కావు. ఆ డబ్బుతో హిమోగ్లోబిన్, క్రియాటినిన్, కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ చేయించండి, ఇంకా మిగులుతుంది. మెదడుకు ఎమ్మారై కూడా లక్షణాలు ఉంటేనే. ఎముకలకు బోన్ స్కాన్ లక్షణాలు ఉంటేనే, లేదా ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరిగితేనే.

ప్రశ్న: మా ఆయనకు ఎడమ కిడ్నీ తీసి నాలుగేళ్లు. ఇక్కడ అల్ట్రాసౌండ్ తీసి, కిడ్నీ ఉన్న చోట ‘సాఫ్ట్ టిష్యూ’ ఉందని, కుడి కిడ్నీ 12.8 సెంటీమీటర్లకు పెరిగిందని రాశారు. రెండు రోజులుగా నిద్ర లేదు.
— ఒక పాఠకురాలు, నంద్యాల

రెండోది శుభవార్తే. ఒక కిడ్నీ తీసేస్తే రెండోది పనంతా మీద వేసుకుని సైజు పెరుగుతుంది.

మొదటిదానికి సీటీ కావాలి గానీ, ఇప్పటి నుంచే బెంగ వద్దు. ఎడమ కిడ్నీ తీసిన ఖాళీ ఖాళీగా ఉండదు. చిన్న పేగు చుట్టలు, క్లోమం తోక, ప్లీహం అందులోకి జారతాయి. కుడివైపైతే పెద్దపేగు, డుయోడినం (చిన్న పేగు మొదటి భాగం) వస్తాయి. గ్యాసు లేని పేగు అల్ట్రాసౌండ్‌లో అచ్చం గడ్డలాగే కనిపిస్తుంది. సీటీకి వెళ్లినప్పుడు నోటి ద్వారా కూడా కాంట్రాస్ట్ ఇమ్మని అడగండి, పేగు అయితే మందు నిండి తెలిసిపోతుంది. ఆపరేషన్ అయ్యాక తీసిన మొదటి స్కాన్ సీడీ పట్టుకెళ్లండి. అప్పుడూ అదే ఉండి, అంతే ఉంటే అది జబ్బు కాదు.

కిడ్నీ మొత్తం తీయకుండా గడ్డ వరకే కోసినవారికి ఇంకో చిక్కు. రక్తం ఆపడానికి లోపల పెట్టే గుడ్డలాంటి పదార్థం కొన్ని నెలలపాటు స్కాన్‌లో గడ్డలా, చీములా కనిపించవచ్చు. ఏం పెట్టారో ఆపరేషన్ నోట్స్‌లో ఉంటుంది. డిశ్చార్జి సమ్మరీతో సరిపెట్టుకోకుండా ఆ కాగితం కాపీ అడిగి తీసుకోండి.

ప్రశ్న: తొమ్మిదేళ్ల కిందట కిడ్నీ ఆపరేషన్ అయిన మా మావయ్యగారికి మూడు నెలలుగా తుంటి నొప్పి. ఆర్‌ఎంపీ ఇంజెక్షన్లు ఇస్తే తగ్గి మళ్లీ వస్తోంది. రాత్రిళ్లు ఎక్కువ. వయసు నొప్పులేనా?
— ఒక పాఠకుడు, సూర్యాపేట

కావచ్చు. కానీ ఎక్స్‌రే లేకుండా ఇంకొక్క ఇంజెక్షన్ కూడా వద్దు. పడుకున్నా తగ్గకపోవడం, రాత్రి నిద్రలేపడం, ఒకేచోట ఉండటం — ఈ మూడూ ఉంటే కిడ్నీ క్యాన్సర్ అయిన మనిషిలో ఎముక చూడాల్సిందే. ఈ జబ్బు ఎముకను తొలిచేసే రకం కాబట్టి, మెట్లు దిగుతుంటేనో మంచం దిగుతుంటేనో విరిగిపోవచ్చు. ఎక్స్‌రే బాగున్నా నొప్పి పోకపోతే ఎమ్మారై తీయించండి. ఈలోగా ఆ కాలి మీద బరువు పడకుండా కర్ర సాయం ఇవ్వండి.

ఇక్కడ జరిగే పెద్ద పొరపాటు గురించి చెప్పాలి. ఎముక విరిగిందని దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్తే, పాత జబ్బు సంగతి తెలియక మామూలుగా విరిగిన ఎముకే అనుకుని రాడ్ వేయడానికి సిద్ధపడతారు. ఈ గడ్డల్లో రక్తనాళాలు ఎంత ఎక్కువంటే, కోయగానే రక్తం ఆగక ప్రాణం మీదికి వస్తుంది. పద్ధతి ఏమిటంటే, ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు రేడియాలజిస్టు తొడ ధమనిలోంచి సన్నని గొట్టం పంపి గడ్డకు వెళ్లే రక్తనాళాలను మూసేస్తారు. దాన్ని ఎంబొలైజేషన్ అంటారు. ఆ తర్వాతే సర్జరీ. ఒకే ఒక్క చోట ఉంటే రాడ్ వేసి ఊరుకోకుండా ఆ ముక్కను పూర్తిగా తీసేయడమా అన్నది కూడా ముందే ఆలోచించాలి.

ఎముక బలానికి ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ డోసు క్రియాటినిన్‌ను బట్టి తగ్గించాలి, ఒక్క కిడ్నీవారికి అది ముఖ్యం. మొదలుపెట్టక ముందే పుచ్చిన పళ్లుంటే తీయించేయండి. మందు మొదలయ్యాక పన్ను పీకిస్తే దవడ ఎముక మానక ఇబ్బంది పెడుతుంది.

వెన్నునొప్పితో కాళ్లు తిమ్మిరెక్కి పట్టు తప్పినా, మూత్రం బిగిసినా అదే రోజు ఎమ్మారై ఉన్న పెద్ద ఆసుపత్రికి వెళ్లాలి. తెల్లారేదాకా ఆగకూడదు. కారణం లేకుండా విడవని దగ్గు, మూత్రంలో రక్తం, తల మీద కొత్తగా లేచిన మెత్తటి ఎర్రటి బుడిపె, ఒకే ముక్కురంధ్రం నుంచి మాటిమాటికీ రక్తం, ఇవి కూడా ఎన్నేళ్లయినా చూపించుకోవాల్సినవే.

ప్రశ్న: ఒక్క కిడ్నీతో ఉన్నాను. మోకాళ్ల నొప్పులకు ఏం వేసుకోవచ్చు? నీళ్లు రోజుకు ఐదు లీటర్లు తాగమంటున్నారు.
— ఒక పాఠకురాలు, ఒంగోలు

పారాసిటమాల్ 650 మాత్ర రోజుకు నాలుగుకు మించకుండా వేసుకోవచ్చు. కాలేయం జబ్బు ఉంటే ఇంకా తక్కువ. మోకాళ్లకు వ్యాయామం, వేడి కాపడం సరే. డైక్లోఫినాక్, ఎసిక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఎటోరికాక్సిబ్ వద్దు. మందుల షాపులో ‘పారాసిటమాలేనమ్మా’ అని ఇచ్చే చాలా స్ట్రిప్పుల్లో ఎసిక్లోఫినాక్ కలిసి ఉంటుంది. వెనక చిన్న అక్షరాల్లో రెండు పేర్లు ఉన్నాయేమో చదివించుకోండి.

బీపీకి టెల్మిసార్టాన్ వాడుతూ, దాంట్లోనే మూత్రం ఎక్కువ వచ్చే మందు కూడా కలిసి ఉంటే, దానికి డైక్లోఫినాక్ లాంటి నొప్పి మాత్ర తోడైతే కిడ్నీకి మూడు వైపుల నుంచీ దెబ్బ. ఎండాకాలంలో విరేచనాలు పట్టుకున్న రోజున అలాంటి నాలుగు మాత్రలతో క్రియాటినిన్ రెట్టింపు కావచ్చు. అలాంటప్పుడు బీపీ మాత్ర ఒకటి రెండు రోజులు ఆపాలా అని మీ డాక్టరుకు ఫోన్ చేసి కనుక్కోండి.

ఐదు లీటర్లు అక్కర్లేదు. మూత్రం లేత పసుపుగా వచ్చేంత, మామూలుగా రెండు రెండున్నర లీటర్లు చాలు. దానికంటే నిలవ పచ్చళ్లు, అప్పడాలు, వడియాల్లో ఉప్పు మీద కన్నేయండి. ప్రోటీన్ పౌడర్లు, ఏముందో తెలియని భస్మాలు, కషాయాలు దూరం పెట్టండి. బీపీ 130/80 లోపు ఉంచుకోండి. పొగ తాగే అలవాటుంటే మానండి.

ప్రశ్న: క్రియాటినిన్ 1.5 ఉంది. సీటీకి ఇచ్చే రంగు మందుతో ఉన్న కిడ్నీ కూడా పోతుందని భయపెడుతున్నారు.
— ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

1.5 అనే అంకె ఒక్కటే చెప్పేదేమీ లేదు. 58 ఏళ్ల మగమనిషికి 1.5 అంటే ఈజీఎఫ్ఆర్ (కిడ్నీ నిమిషానికి ఎంత వడకడుతోందో చెప్పే అంచనా) దాదాపు 54. అదే 1.5 డెబ్బై ఏళ్ల ఆడమనిషికైతే 37. రిపోర్టులో ఈజీఎఫ్ఆర్ ఎంతో చూడండి. 30కి పైన ఉండి, ఒంట్లో నీరు తగ్గకుండా ఉంటే కాంట్రాస్ట్ సీటీకి భయపడక్కర్లేదు. 30 లోపైతే ఎమ్మారై వైపు చూడాలి. దానిలోనూ కొత్త తరం గడోలినియం మందులు ఈ స్థితిలో కూడా సురక్షితం. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతూ ఈజీఎఫ్ఆర్ తక్కువగా ఉంటే ఆ రోజు నుంచి 48 గంటలు ఆపి, క్రియాటినిన్ చూసుకుని మళ్లీ మొదలుపెడతారు. రంగు మందు లేకుండా తీసిన సీటీలో కాలేయం, క్లోమం, మిగిలిన కిడ్నీలోని చిన్న గడ్డలు తప్పిపోతాయి. భయంతో అలా తీయించుకోవడం డబ్బు దండగ. ఈజీఎఫ్ఆర్ 45 కంటే తగ్గితే, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే నెఫ్రాలజిస్టును ఒకసారి కలవండి.

ప్రశ్న: రెండు నెలల కిందట తమ్ముడికి కిడ్నీ తీశారు. టీ3ఏ, గ్రేడు 4. ఏడాదిపాటు ఇమ్యునోథెరపీ తీసుకోమంటున్నారు. గడ్డ మొత్తం వచ్చేసిందన్నాక ఇది ఎందుకు?
— ఒక పాఠకురాలు, విజయనగరం

కంటికి కనిపించని కణాల కోసం. ఒంట్లోని రోగనిరోధక శక్తినే క్యాన్సర్ మీదికి ఉసిగొల్పే పెంబ్రోలిజుమాబ్ అనే ఈ మందును ఆపరేషన్ తర్వాత ఇవ్వడానికి అమెరికాలో 2021 నవంబరులో అనుమతి వచ్చింది. మూడు వారాలకోసారి 200 మిల్లీగ్రాములు, గరిష్ఠంగా 17 డోసులు. దీనికి ఆధారమైన కీనోట్-564 అధ్యయనంలో నాలుగేళ్లకు బతికున్నవారు మందు తీసుకున్నవారిలో 91.2 శాతం, తీసుకోనివారిలో 86 శాతం. తేడా నిజమైనదే, పెద్దదేమీ కాదు. ఎలాగూ తిరగబెట్టనివారు చాలామంది ఈ మందు అనవసరంగా తీసుకుంటారన్నమాట.

మీ తమ్ముడి రిపోర్టు ఆ అధ్యయనం కొలతలకు సరిపోతుంది. కానీ ఆపరేషన్ నుంచి 12 వారాల లోపు మొదలుపెట్టాలి, మీకు నెల రోజులే ఉంది. థైరాయిడ్ మందగించడం మామూలు, మాత్రతో సరిపోతుంది. రోజుకు నాలుగైదుసార్లకు మించి విరేచనాలు, కొత్తగా ఆయాసం, కళ్లు పచ్చబడటం, విపరీతమైన నీరసం వస్తే మాత్రం ఊళ్లో మందులు వాడకుండా క్యాన్సర్ డాక్టరుకే ఫోన్ చేయాలి. స్టెరాయిడ్లు వెంటనే మొదలుపెడితే తగ్గేవి ఆలస్యమైతే ముదురుతాయి. మందు ఆపేసిన నెలల తర్వాత కూడా ఇవి రావచ్చు. ఖర్చు లక్షల్లో ఉంటుంది. కంపెనీ సహాయ పథకం ఉందేమో ఆసుపత్రిలో, ఎన్టీఆర్ వైద్యసేవ (ఇదివరకటి ఆరోగ్యశ్రీ) కింద ఏది వస్తుందో ఆ పథకం సిబ్బంది దగ్గర, ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: నాకు 41 ఏళ్లకే వచ్చింది. పిల్లలకు వస్తుందా?
— ఒక పాఠకుడు, కరీంనగర్

ఎక్కువమందిలో వంశపారంపర్యం కాదు. అయితే 46 ఏళ్ల లోపు వచ్చినా, రెండు కిడ్నీల్లో వచ్చినా, ఒకదాంట్లోనే నాలుగైదు గడ్డలున్నా, దగ్గరి రక్తసంబంధీకులకు ఉన్నా జెనెటిక్ కౌన్సెలింగ్ చేయించుకోవాలి. ముందు పరీక్ష మీకే, పిల్లలకు కాదు. మీలో లోపం తేలితేనే వాళ్ల సంగతి. మీలో కంటి రెటీనాలోనో మెదడులోనో రక్తనాళాల గడ్డలు, క్లోమంలో నీటిబుడగలు ఉన్నాయని ఎప్పుడైనా చెప్పి ఉంటే వీహెచ్ఎల్ (వాన్ హిప్పెల్-లిండావ్) అనే వంశపారంపర్య జబ్బు అనుమానించాలి. అది ఉంటే మిగిలిన కిడ్నీని జీవితాంతం చూసుకోవాల్సిందే.

ప్రశ్న: ఆపరేషన్ అయి ఆరేళ్లయింది. అమెరికాలో అబ్బాయి దగ్గరికి ఆర్నెల్లు వెళ్తున్నాం. ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, గుంటూరు

స్కాన్ గడువు ఆ ఆర్నెల్లలో పడుతుంటే ఇక్కడే ముందుగా తీయించుకుని బయల్దేరండి. విజిటర్ ఇన్సూరెన్సులు పాత జబ్బులకు సాధారణంగా డబ్బు ఇవ్వవు, అక్కడ ఒక్క సీటీ బిల్లు చూస్తే మీ అబ్బాయికి కళ్లు తిరుగుతాయి. బీపీ మాత్రలు ఆర్నెల్లకు సరిపడా, ప్రిస్క్రిప్షన్‌తో సహా తీసుకెళ్లండి.

బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్స్, చివరి స్కాన్ సీడీ, మూడూ ఫోన్‌లోనూ అబ్బాయి మెయిల్‌లోనూ పెట్టండి. సీడీలో ఉన్నది డైకామ్ ఫైళ్లు (స్కాన్ యంత్రం ఇచ్చే అసలు చిత్రాలు) అయి ఉండాలి, ఫిల్ముకు తీసిన ఫొటో పనికిరాదు. ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలో పారాఫిన్ బ్లాకులు ఇంకా ఉన్నాయో లేదో ఇప్పుడే కనుక్కోండి. ఎల్లకాలం దాచరు. ఇస్తే ఇంట్లో చల్లటి చోట, ఎండ తగలకుండా, బయాప్సీ నంబరు కనిపించేలా కవరులో పెట్టుకోండి. ఫ్రిజ్ అక్కర్లేదు, బీరువా చాలు.